గేటు నుంచి గడప దాకా

అనంతపురంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే సగం ఖాళీ అయి వస్తాయి. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి సన్నగిల్లుతుంది. ఆ కొద్ది వానా కుదురుగా పడదు. వారాల తరబడి మొహం చాటేసి, సెప్టెంబరులో ఏదో సాయంత్రం గంటసేపు దంచికొట్టి పోతుంది. ఆ గంటలో డాబా నీళ్లు పైపులోంచి గచ్చు మీదికి దూకి, గేటు కిందుగా రోడ్డెక్కి, మురిక్కాలువలో కలుస్తాయి. వేసవి రాగానే అదే ఇంటివాళ్లు ట్యాంకర్‌కు ఫోన్ చేస్తారు.

గేటుకూ గడపకూ మధ్య ఉండే నాలుగడుగుల వెడల్పు బాటను ఆ నీళ్ల కోసం కట్టవచ్చు. చూడ్డానికి నాలుగు బండలు పరిచినట్టే ఉంటుంది. పనితనమంతా కింద ఉంటుంది, కింద ఉన్నదంతా మట్టాల లెక్క.

ముందు ఎంత నీరో తెలియాలి. 1,200 చదరపు అడుగుల డాబా మీద ఒక అంగుళం వాన పడితే దాదాపు 2,800 లీటర్లు. చిందిందీ, డాబా పీల్చుకున్నదీ పోను 2,400 లీటర్ల దాకా పైపులోకి దిగుతాయి. ఒక అంగుళం వానను ఇంటి ఆవరణలోనే ఆపడం మన లక్ష్యం అనుకుందాం. బాట పొడవు ముప్పై అడుగులు. అందులో గడప వైపు పది అడుగులను నీటికి ఇవ్వకూడదు, ఎందుకంటే పునాది పక్కన నీరు ఇంకితే గోడకు చెమ్మ ఎక్కుతుంది. ఆ భాగం కింద మట్టిని గట్టిగా దిమ్మిస చేసి, రంధ్రాలు లేని పైపు వేస్తారు. మిగిలిన ఇరవై అడుగులే పనిలోకి వస్తాయి.

డాబా పైపు నేరుగా బాట కిందికి పోదు. మొదట ఒకటిన్నర అడుగుల పూడిక తొట్టిలో పడుతుంది. తొట్టినుంచి బయటికి పోయే పైపు అడుగున ఉండదు, సగం ఎత్తున ఉంటుంది, నోటికి జాలీ ఉంటుంది. దుమ్మూ వేపాకూ తొట్టి అడుగున ఆగిపోతాయి, పైన తేరిన నీరు ముందుకు వెళ్తుంది. మొత్తం కట్టడంలో చవకైన భాగం ఇదే. ఇది లేకపోతే మిగతాదంతా రెండు మూడు వానాకాలాల్లో బురదతో మూసుకుపోతుంది.

ఇప్పుడు పొరలు. ఇరవై అడుగుల మేరా బాట పైమట్టం నుంచి ఎనిమిది అంగుళాలు తవ్వుతారు. అడుగు సమంగా ఉండాలి, అటూ ఇటూ వాలితే నీరంతా ఒక మూలకు చేరి మిగతా చోటు వృథా అవుతుంది. ఇక్కడ దిమ్మిస పనికిరాదు. మన ఎర్రనేలకు ఒక గుణం ఉంది, నీటి దెబ్బ తగిలితే పైపొర అట్టకట్టి నీటిని లోపలికి పోనివ్వదు. అందుకే అడుగును గడ్డపారతో గీకి వదిలేస్తారు. దాని మీద నాలుగు అంగుళాల మందాన 20 మిల్లీమీటర్ల కంకర పరిచి, మధ్యలో అడుగు వైపు రంధ్రాలు పెట్టిన నాలుగంగుళాల పైపు పడుకోబెడతారు. కంకరలో రాయికీ రాయికీ మధ్య ఖాళీ నూటికి నలభై పాళ్ల దాకా ఉంటుంది. ఇరవై అడుగుల పొడవున ఆ సందుల్లోనే 300 లీటర్లు పడతాయి.

కంకర మీద రెండు అంగుళాల పరుపు. చాలామంది ఇక్కడ ఇసుక పోస్తారు. ఇసుక గింజ కంకర సందుల్లోకి జారి, కింద ఖాళీ పూడిపోతుంది, పైన బండ కుంగుతుంది. రాతిపొడి పోసినా అంతే. 6 మిల్లీమీటర్ల చిప్స్ అయితే కంకర సందుల్లో ఇరుక్కుని నిలుస్తాయి, జారవు. పై పొర గింజ కింది పొర సందులో దూరకూడదన్న ఈ చిన్న సూత్రం మీదే బాట ఆయుష్షు ఆధారపడి ఉంది.

ఇక బండ. ఈ పనికి తాడిపత్రి బండను మించింది మన దగ్గర లేదన్నది నా అభిప్రాయం. ఆ సున్నపురాయి పొరలు పొరలుగా విడివడుతుంది కాబట్టి సహజంగానే చదునుగా వస్తుంది, కోత ఖర్చు తక్కువ. రెండు అంగుళాల మందం ఉన్నదే తీసుకోవాలి, సిమెంటు ఆధారం లేనిచోట పలచటి బండ పగులుతుంది. పాలిష్ వద్దు, వానలో కాలు జారుతుంది. పని తెలిసిన బేల్దారి బండను చిప్స్ మీద దించాక కర్రసుత్తితో నాలుగు మూలలా తట్టి, చప్పుడు వింటాడు. కింద పూర్తిగా ఆనితే బండ గట్టిగా పలుకుతుంది. ఎక్కడైనా బోలు ఉంటే డొల్ల చప్పుడు వస్తుంది. వెంటనే బండ లేపి, అక్కడ గుప్పెడు చిప్స్ వేసి, మళ్లీ దించి, మళ్లీ తడతాడు. బండకూ బండకూ మధ్య ముప్పావు అంగుళం సందు వదిలి చిప్సే నింపుతాడు, సిమెంటు పూయడు. అడుగుకు పావు అంగుళం చొప్పున, నాలుగడుగుల వెడల్పుకు ఒక అంగుళం వాలు పక్కనున్న మొక్కల మడి వైపు ఇస్తాడు. నడిచేవాడికి ఆ వాలు తెలియదు.

బాటకూ మడికీ మధ్య అంచురాళ్లు ఉంటాయి. వాటిని నిలువుగా పాతి, కంకర పైమట్టం దాకా సందులు పూడ్చేస్తారు. సరిగ్గా ఆ మట్టంలో మూడడుగులకొకటి చొప్పున ఉలితో గాడి కొడతారు. కంకర నిండేదాకా నీరు బాట కిందే ఉండి నేలలోకి ఇంకుతుంది, నిండాక గాళ్లలోంచి మడిలోకి దిగుతుంది. మడి అడుగు గాడి కంటే ఆరంగుళాలు లోతు. నాలుగడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు మడిలో 1,100 లీటర్లకు పైగా నిలుస్తాయి. అదీ నిండితే గేటు పక్కన నాలుగడుగుల చదరపు గుంత, ఆరడుగుల లోతు. మన దగ్గర చాలాచోట్ల ఎర్రమట్టి లోతు తక్కువ, దాని కింద గరుసు తగులుతుంది. గుంత గరుసులోకి దిగితేనే నీరు త్వరగా ఇంకుతుంది. రాళ్లతో నింపినా ఇందులో వెయ్యి లీటర్లు పడతాయి. మూడూ కలిపితే 2,400 దాటాయి. బాట మీదా మడి మీదా నేరుగా పడే వానకు, వాన కురుస్తుండగా నేల తాగే నీటికి సరి.

అంగుళం దాటి కురిసే వానలూ ఉంటాయి. అందుకు మరవ కావాలి. గుంత నోటి కంటే ఒక అంగుళం ఎత్తున, బాట పైమట్టం కంటే మూడు అంగుళాలు కింద ఒక రాయి పెడితే, మిగులు నీరు దాని మీదుగా వీధిలోకి పోతుంది. ఎంత వాన వచ్చినా బండలు మునగవు.

ఇదంతా ఎక్కడినుంచో తెచ్చుకున్న విద్య కాదు. ఈ ఊరి పేరే 14వ శతాబ్దంలో తవ్వించిన అనంతసాగరం చెరువు మీదుగా వచ్చింది. పక్కనే కడప జిల్లా పోరుమామిళ్లలో విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు 1369లో చెరువు కట్టించి వేయించిన శాసనం ఉంది. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని రాయించాడు. అంతకంటే విలువైనది, మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు లెక్కపెట్టాడు. ఆ దోషాల్లో మూడు మన మడికి అక్షరాలా వర్తిస్తాయి. కట్టలోంచి నీరు కారడం: మడి గట్టు ఇంటి గోడ వైపు ఊరకూడదు. చెరువు నడుమ మెరక ఉండడం: మడి అడుగు ఎగుడుదిగుడైతే ఒకచోట మొక్క కుళ్లుతుంది, ఇంకోచోట ఎండుతుంది. నీరు కొంచెం, పారించాల్సిన నేల ఎక్కువ కావడం: ఆశకొద్దీ మడి నిండా మొక్కలు కుక్కేవాళ్ల కోసమే రాయించినట్టుంది.

మొక్కలను కూడా మట్టాన్ని బట్టే ఎంచుకోవాలి. మడి అడుగున వట్టివేరు. దాని వేళ్లు రెండు మూడు మీటర్లు నిలువుగా దిగుతాయి, ఒక రోజు నీళ్లలో నిలబడగలదు, నెలల ఎండనూ ఓర్చగలదు. పైగా ఆ వేళ్లు అట్టకట్టిన నేలను చీల్చి నీటికి దారి చేస్తాయి. గట్టు ఏటవాలున బోదగడ్డి. గట్టు మీద తంగేడు, ఎండలోనూ పచ్చగా ఉంటుంది, మేకలు పెద్దగా ముట్టవు. బాట అంచున విష్ణుక్రాంతం, నేలకు అంటుకుని పాకుతుంది, గోరంత నీలం పూలు పూస్తుంది. కంచె పక్కన వావిలి. మొదటి ఏడాది వేసవిలో తడి ఇవ్వాలి, వేళ్లు దిగాక అవే చూసుకుంటాయి. లాన్ గడ్డి మాత్రం వద్దు, వేసవిలో దాన్ని బతికించడానికి మళ్లీ ట్యాంకరే పిలవాలి. ఈ నేల మొక్కల ఓర్పు ఎంతో చూడాలంటే చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ వాళ్ల భూమి ఉంది. 1990 ప్రాంతంలో 32 ఎకరాల బీడుతో మొదలుపెట్టారు. నిప్పు పడకుండా, పశువులు మేయకుండా కాచి, గట్లు వేసి వాన ఆపితే, చాలా మొక్కలు నాటకుండానే తిరిగొచ్చాయి.

మడిలో నీరు రెండు రోజులకు మించి నిలిస్తే దోమలు చేరతాయి. అలా నిలిచిందంటే అడుగు మూసుకుందని గుర్తు, పార వేసి పైపొర గీకాలి. ఏటా మే నెలాఖరున పూడిక తొట్టి ఎత్తిపోయాలి. ఇంతకు మించిన సేవ ఇది కోరదు.

పని మొదలుపెట్టే ముందు ఒక్కటి చూసుకోండి. మన వీధుల్లో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే వేస్తారు, ఎత్తు పెరుగుతూ పోతుంది. ట్యూబ్ లెవెల్ పెట్టి రోడ్డు మట్టం చూసి, దానికంటే కనీసం అరడుగు ఎత్తున మరవ రాయి గుర్తు పెట్టించండి. మిగతా కొలతలన్నీ ఆ గుర్తు నుంచి తీసుకోండి.