సెకండ్ హ్యాండ్ లేజర్: ముందు చూడాల్సింది మాస్ట్ గుంత

వానాకాలంలో హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జరిగే రోజుల్లో హుస్సేన్ సాగర్ నిండా ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవలు కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ లేజర్లే. ఇప్పుడు ఐఎల్‌సీఏ పేరుతో తయారవుతున్నాయి. కెనడాకు చెందిన బ్రూస్ కిర్బీ గీసిన ఈ పడవ 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లోకి వెళ్లింది. ప్రపంచమంతటా 2 లక్షలకు పైగా తయారయ్యాయి. ఎక్కడ కొన్నా బాడీ పొడవు 4.2 మీటర్లు, బరువు సుమారు 59 కిలోలు. కొలతల్లో తేడా ఉండకూడదన్న నియమం ఉండబట్టే పాత పడవతోనూ కొత్తవాటి పక్కన పోటీకి దిగొచ్చు. కొత్తది కొనే స్తోమత లేని పిల్లలకు ఈ ఆట అందుతున్నది సెకండ్ హ్యాండ్ పడవల వల్లే. అందుకే కొనే ముందు పరీక్ష గట్టిగా ఉండాలంటాను.

తెరచాప, తాళ్లు, కప్పీలు అరిగితే మార్చుకోవచ్చు. బాడీ నీళ్లు తాగితే బాగుచేయడం కష్టం. నేను ముందు చూసేది డెక్ మీద మాస్ట్ (తెరచాపను నిలబెట్టే రెండు ముక్కల స్తంభం) దిగే గుంత. ఈ మాస్ట్‌ను పక్కనుంచి పట్టి ఉంచే తీగలు లేవు. గాలి తోపంతా ఆ గుంత మీదే పడుతుంది. దాన్ని నీళ్లతో నింపి, మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, మిగతా పడవంతా తీరిగ్గా చూసి రండి. నీళ్లు గీత కిందికి దిగితే బాడీలోకి కారుతున్నట్టే. అలాంటి పడవలో గాలి జోరెక్కినరోజు మాస్ట్ డెక్‌ను చీల్చుకుని పడిపోవచ్చు. తర్వాత నీళ్లు తోడేసి, మాస్ట్ కింది ముక్కను గుంతలో దించి ముందుకీ వెనక్కీ ఊపండి. రెండో చెయ్యి డెక్ మీద ఆనించి ఉంచండి. చేతికింద డెక్ కదిలితే లోపలి అతుకు వదులైనట్టు. అమ్మేవాళ్లు ఈ పరీక్షలకు ఒప్పుకోకపోతే నేనైతే బేరం దాకా వెళ్లను.

డెక్‌లో రెండు ఫైబర్ పొరల మధ్య ఫోమ్ ఉంటుంది. మనిషి కూర్చునే అంచుల్లో, కాక్‌పిట్ నేల మీద బొటనవేలితో నొక్కుతూ పోవాలి. కుండ కొనేటప్పుడు తట్టినట్టు నాణెంతో తట్టితే, పొరలు విడిపోయినచోట శబ్దం బోలుగా వస్తుంది. పైపూత మీద వెంట్రుకల్లాంటి పగుళ్లకు భయపడక్కర్లేదు. ఒకే బిందువు నుంచి నక్షత్రంలా చీలినవైతే అక్కడ దెబ్బ తగిలిందని అర్థం. వెనక బిరడా తీసి ముందు భాగం పైకెత్తండి, నీళ్లొస్తాయేమో చూడండి. వీలైతే తూకం వేయించండి. ఫోమ్ నాని ఉంటే కిలోల్లో తేడా కనిపిస్తుంది.

మాస్ట్ పై ముక్కను చదును నేల మీద దొర్లిస్తే వంపు బయటపడుతుంది. సముద్రంలో తిరిగిన పడవైతే రివెట్ల చుట్టూ అల్యూమినియం తెల్లగా పొడి రాలుతోందేమో గమనించండి. మాస్ట్ విరిగేది ఎక్కువగా అక్కడే. చుక్కాని కొక్కేల స్క్రూలు లాగి చూడండి. బాడీ మీది నంబరు కాగితాల్లో ఉన్నదానితో సరిపోయాకే డబ్బు చేతిలో పెట్టండి.