తెర మీది పాఠం - తెర ఇవతలి విద్యార్థి : తెలంగాణ అనుభవంపై ఒక విమర్శ

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడ్డాయి. మొదటి సంవత్సరంలో మంచి మార్కులు తెచ్చుకున్న ఒక విద్యార్థినికి రెండో సంవత్సరం తెలుగులో సున్నా వచ్చినట్లు ప్రకటించారు. పునఃపరిశీలనలో ఆమెకు వచ్చినవి 99 మార్కులని తేలింది. జవాబుపత్రం దిద్దినవారు 99 వేశారు. ఓఎంఆర్ పత్రంలో గడులు నింపేటప్పుడు మాత్రం అది 00 అయింది. యంత్రం తనకు అందిన అంకెను అందినట్లే చదివింది. నిరుడు బాగా చదివిన పిల్లకు ఈ ఏడు మాతృభాషలో సున్నా ఎలా వచ్చిందన్న ప్రశ్న ఏ దశలోనూ ఎవరికీ తట్టలేదు. ఊరి బడిలో పంతులు చేత్తో మార్కుల జాబితా రాసుకునే రోజుల్లో ఈ పొరపాటు సాయంత్రంలోగా బయటపడేది.

ఆ ఏడు తొమ్మిది లక్షలకు పైగా విద్యార్థులు పరీక్షలు రాయగా, మూడు లక్షలకు పైగా ఉత్తీర్ణులు కాలేదు. ఫలితాల తర్వాత ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీని నియమించింది. ఉత్తీర్ణులు కానివారందరి పత్రాలనూ ఉచితంగా పునఃపరిశీలించారు. వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులయ్యారు. మరణించినవారి ఫలితాలకు సాంకేతిక లోపాలు కారణం కావని బోర్డు వివరణ ఇచ్చింది. ఈ వివరణను యథాతథంగా అంగీకరించినా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది. అంకె సరైనదే కావచ్చు. ఆ అంకె తెరపై కనిపించిన క్షణంలో విద్యార్థి పక్కన ఎవరున్నారు? ఫలితాన్ని లక్షలమందికి ఒకే నిమిషంలో చేరవేయగల వ్యవస్థను మనం నిర్మించుకున్నాం. ఆ ఫలితం అందుకున్నవారిని పలకరించే వ్యవస్థ మాత్రం అదే వేగంతో ఏర్పడలేదు. బడిలో సాంకేతికతపై జరిగే చర్చలో ‘చేరవేత’ అన్న మాటకున్న ప్రాబల్యాన్ని ఈ నేపథ్యంలోనే విమర్శకు పెట్టవలసి ఉంది.

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ కూడా ఆ సంవత్సరమే మొదలైంది. పాతికేళ్లు దాటేసరికి హైటెక్ సిటీ, మాదాపూర్, కొండాపూర్, రాయదుర్గం ప్రాంతాలు విద్యకు సంబంధించిన సాఫ్ట్‌వేర్ తయారీకి కూడా నెలవులయ్యాయి. ఇక్కడ తయారైన ఉపకరణాలు దూరదేశాల తరగతి గదులకు వెళుతున్నాయి. ఆ భవనాలు కట్టిన కూలీల పిల్లలు ఆ పక్కనే సర్కారు బడుల్లో కూర్చుంటారు. వారిలో పాలమూరు నుంచి వచ్చినవారున్నారు, ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవారూ ఉన్నారు. ఇంట్లో ఒక భాష, పుస్తకంలో మరొక భాష, తెర మీద ఇంకొక భాష. 2018లో వచ్చిన తెలుగు బోధన తప్పనిసరి చట్టం ఈ ప్రాంతపు అంతర్జాతీయ పాఠశాలలకూ వర్తిస్తుంది. సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడుల పై తరగతులకు ‘వెన్నెల’ అనే సులభ తెలుగు వాచకాన్ని ప్రభుత్వం సూచించింది. కూలీ బిడ్డకూ ఇంజినీరు బిడ్డకూ తెలుగు పరాయిదే అయ్యే సందర్భం దేశంలో ఇంత దగ్గరగా మరెక్కడైనా కనిపిస్తుందా అన్నది సందేహమే.

2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో మూడు నుంచి పదో తరగతి వరకు డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లు వాటిని ప్రసారం చేశాయి. ఇంటర్నెట్ లేని ఇంటికి టీవీ ద్వారా పాఠం అందించాలన్న నిర్ణయం సరైనదే. అంతకుముందే జులైలో కేంద్రం వెలువరించిన ప్రజ్ఞత మార్గదర్శకాలు, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు రోజుకు రెండు ఆన్‌లైన్ పాఠాలు మించరాదని, ఒక్కొక్కటి 30 నుంచి 45 నిమిషాలే ఉండాలని సూచించాయి. పిల్లల కంటికీ మనసుకూ తెర ఎంత భారమో అప్పటికే గుర్తించారన్నమాట. అయితే ప్రసారంలోని అసలు లోటు వ్యవధికి సంబంధించినది కాదు.

అవధాన విద్యలో పృచ్ఛకుల స్థానాన్ని ఇక్కడ గుర్తుచేసుకోవచ్చు. పృచ్ఛకులు లేని అవధానం ఉండదు. అప్రస్తుత ప్రసంగి అడ్డుతగలకపోతే అవధాని ధారణకు పరీక్షే లేదు. తరగతి గదిలోనూ అంతే. వెనక బెంచీ నుంచి వచ్చే అసందర్భపు ప్రశ్న, కిటికీ వైపు చూస్తున్న కళ్లు, రెండు రోజులుగా మాట్లాడని పిల్ల, ఇవన్నీ పాఠం నడకను మారుస్తాయి. ప్రసార పాఠానికి ఈ పృచ్ఛకులు లేరు. ఆ లోటును ఆ ఏడాది పూడ్చినది పెద్ద సాంకేతికత కాదు. ఉపాధ్యాయులు ఫోన్లు చేశారు, వాట్సాప్ బృందాలు పెట్టారు, వర్క్‌షీట్లు పట్టుకుని ఇళ్లకు వెళ్లారు. బడి మూతబడిన కాలంలో పిల్లవాడి పరిస్థితి తెలిసినది ఈ మార్గాల్లోనే. కానీ విధాన పత్రాల్లో ప్రసార గంటలకున్న చోటు ఆ ఫోన్ పిలుపులకు దక్కలేదు. గంటలను లెక్కించడం సులువు గనుక లెక్కించారు.

ఇప్పుడు కృత్రిమ మేధ వంతు వచ్చింది. పిల్లలు గట్టిగా చదివితే విని తప్పులు చూపే ఉపకరణాలు తెలుగులోనూ ఉన్నాయి. గూగుల్ రీడ్ అలాంగ్ అటువంటిదే. సిగ్గరి పిల్లకు ఇది వరం. నలుగురిలో నవ్వులపాలవుతానన్న భయం లేకుండా పదిసార్లు చదువుకోవచ్చు. దీన్ని చిన్నచూపు చూడడం తగదు. కానీ తెలుగు అధ్యయనం చేసేవారు అడగవలసిన ప్రశ్న వేరు. ‘ఉన్నాడు’ అని అచ్చయిన మాటను ‘ఉన్నడు’ అని చదివిన పాలమూరు పిల్లవాడి ఉచ్చారణ తప్పా, మాండలికమా? ‘భ’ను ‘బ’గా పలికితే అది చదువు రాకపోవడమా, ఇంటి నుడికారమా? అనుభవమున్న ఉపాధ్యాయుడు ఈ తేడాను క్షణంలో గుర్తించి, ఒకదాన్ని సరిదిద్ది, మరొకదాన్ని వదిలేస్తాడు. ఉపకరణానికి ఆ విచక్షణ ఎంత ఉందో పరీక్షించవలసినది భాషాశాస్త్రం చదివినవారే. మాండలికాన్ని తప్పుగా లెక్కించడం మార్కుల సమస్య మాత్రమే కాదు. ఇంట్లో అమ్మ మాట్లాడే మాటే తప్పన్న సందేశం అందులో ఉంది. పిల్లల మనోధైర్యం గురించి మాట్లాడేవారు ఈ అంశాన్ని తాకడం అరుదు.

మానసిక ఆరోగ్య సేవల్లోనూ భాష సమస్యే ముందుంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ అందుతోంది. ఫోనుకు అవతల మనిషి ఉండడం దీని బలం. బడుల్లో వాడే ప్రశ్నావళులు, యాప్‌ల సంగతి అలా ఉండదు. ‘గత రెండు వారాల్లో నిస్పృహకు లోనయ్యారా’ అని ఇంగ్లీషు నుంచి అనువదించిన ప్రశ్న తొమ్మిదో తరగతి పిల్లకు ఎంతవరకు అర్థమవుతుంది? ఆ వయసు పిల్లలు ‘తల నొస్తున్నది’ అంటారు, ‘కడుపులో అదోలా ఉంది’ అంటారు, ‘బడికి పోబుద్ధి కావట్లేదు’ అంటారు. బాధ మాటలో కాక శరీరంలో పలుకుతుంది. ఆ పలుకుబళ్లను జిల్లాలవారీగా సేకరించి ప్రశ్నావళుల రూపకర్తలకు అందించడం తెలుగు శాఖలు చేపట్టదగిన పరిశోధన. సిద్ధాంత వ్యాసాలకు అంశాలు కరువయ్యాయన్న మాట విశ్వవిద్యాలయాల్లో తరచూ వినబడుతుంది గనుక ఈ ప్రస్తావన.

విశాఖపట్నంలో చదువుతున్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన సుక్‌దేబ్ సాహా కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న మార్గదర్శకాలు జారీచేసింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు అర్హత గల కౌన్సెలర్‌ను నియమించాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో అనుసంధానం ఏర్పరచుకోవాలి. టెలీ మానస్ వంటి సహాయ నంబర్లను తరగతి గదుల్లో, వసతి గృహాల్లో పెద్ద అక్షరాలతో ప్రదర్శించాలి. నంబరు గోడ మీదికి ఎక్కించడం ఒక రోజు పని. నియమితుడైన కౌన్సెలర్‌కు ‘పోబుద్ధి కావట్లేదు’ అన్న మాట వినగానే ఏం వినబడాలో నేర్పే పాఠ్యప్రణాళిక తెలుగులో ఇంకా రాయవలసి ఉంది.