అనుకరణమను మాటపై ఒక విచారణ

సిమ్యులేషన్ అను ఆంగ్లపదమునకు తెలుగున ‘అనుకరణము’ అను మాట వాడుకలోనికి వచ్చినది. అది తగినదా యను ప్రశ్న నాకు తరగతిలో ఎదురైనది. కమలనగరమున మా పిల్లలు వీధిలో కన్నడము, మరాఠీ, ఉర్దూ వినుచు తెలుగును బడిలో నేర్తురు. నేను తప్పుమాట చెప్పినచో సరిదిద్దుటకు ఇరుగుపొరుగు లేదు. ధ్వన్యనుకరణమున ప్రసిద్ధులైన నేరెళ్ల వేణుమాధవ్ గారిని (1932–2018) గూర్చి చెప్పిన మరునాడు, ‘కంప్యూటరు చేయునదియు అదేనా?’ అని ఒక బాలిక యడిగినది. కాదంటిని, ఏల కాదో వెంటనే చెప్పలేకపోతిని.

ఉదాహరణమునకు సిలికానును గైకొందము. అర్ధవాహకములలో ఇలెక్ట్రానులు నిండిన పట్టీకిని వహనపట్టీకిని నడుమ నిషిద్ధ శక్తి అంతరము కలదు. సిలికానున అది సుమారు 1.1 ఇలెక్ట్రాన్ వోల్టులు. అత్యల్పకాలిక లేసరు స్పందము సోకినపుడు ఇలెక్ట్రానులు దానిని దాటును. అట్లు దాటినవి పెరిగినకొలది వక్రీభవన గుణకము మారును. మితిమీరినచో సిలికాను లోహమువలె వెలుగును త్రిప్పికొట్టును. ఇదంతయు ఫెమ్టోసెకండుల పని. సెకండులో ఫెమ్టోసెకండు ఎంతటిదో, సుమారు 3 కోట్ల 17 లక్షల సంవత్సరములలో సెకండు అంతటిది. హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్య సోమ వేణుగోపాలరావు బృందము ఇట్టి లేసరుతో అసిటోనులోని సిలికానును చెక్కి 2014లో ఫలితములు ప్రకటించినది. అచ్చటి మార్పు పలకపై నిలిచియుండును. మన విచారణ నిలువని మార్పును గూర్చి.

ఆ 2014లోనే ‘సైన్స్’ పత్రికలో షుల్ట్‌జె, లియోన్, యబానా మున్నగువారి పరిశోధన వెలువడినది. అట్టోసెకండు కిరణములతో పరీక్షింపగా సిలికాను శోషణము లేసరు విద్యుత్ క్షేత్రపు ఊపునకు తాళము వేసినట్లు మెట్లుమెట్లుగా మారినది. మెట్టు లేచుటకు సుమారు 450 అట్టోసెకండులు. పరమాణుజాలకము కదలుటకు సుమారు 60 ఫెమ్టోసెకండులు పట్టినది. మెట్లను ప్రయోగము చూపినది. ఇలెక్ట్రాను గోడ నెక్కక, గోడలో సొరంగము చేసికొన్నట్లు దాటినదని చెప్పినది మాత్రము కంప్యూటరు గణనము. రుంగె, గ్రోస్ 1984లో నిరూపించిన సిద్ధాంతము ఆధారముగా ఇలెక్ట్రాను సాంద్రతను క్షణక్షణము ముందునకు నడిపి, పుట్టిన ప్రవాహమునుండి కాంతిగుణములను రాబట్టుట దాని పద్ధతి. మూలము చూపనిదానిని అనుకర్త యెట్లు చెప్పగలడు?

ఈ తగవు మనకు క్రొత్తది కాదు. నాట్యము అనుకరణమని శంకుకుడనెను. చిత్రములోని గుఱ్ఱమును చూచి ‘ఇది గుఱ్ఱము’ అనునపుడు కలుగు జ్ఞానము నిజమును గాదు, అబద్ధమును గాదు, సందేహమును గాదు. నటుని చూచి రాముని భావమును అట్లే అనుమింతుమని అతని వాదము. భట్టతౌతుడును, శిష్యుడు అభినవగుప్తుడును దీనిని ఖండించిరి: రాముని భావమును ఎవడు చూచెను గనుక అనుకరించుటకు? ఇలెక్ట్రాను విషయమున ఈ ప్రశ్న మఱింత పదునైనది. వేణుమాధవ్ గారు విన్న గొంతునే పలికిరి. ఇలెక్ట్రాను నడకను చూచినవాడు లేడు. గణనము నియమమునుండి నడకను పుట్టించును. అయినను శంకుకుని వాదము సగము నిలుచుచున్నది. గణితపు బొమ్మగుఱ్ఱమును చూచి మనము అసలు గుఱ్ఱమును అనుమించుచునే యున్నాము.

అనుకరణమను మాట లోపముల స్వభావమును గూడ మరుగుపఱచును. అనుకర్త తప్పు పోలిక చెడుట. గణనపు తప్పు మూలమునందలి ఊహలో నుండును. సాంద్రతా సిద్ధాంతమున మిక్కిలి సరళమైన స్థానిక ఉజ్జాయింపును వాడినచో సిలికాను అంతరము సుమారు 0.5 ఇలెక్ట్రాన్ వోల్టులే వచ్చును, నిజములో సగమునకు లోపు. గోడ పొట్టిదైనచో దాటువారు హెచ్చుదురు గదా! దీనిని సవరించు పద్ధతులు కలవు. కాని పోలిక కుదిరినదని మురియువానికి ‘ఏ ఊహపై?’ అని అడుగవలెనని తోచదు.

పదనిర్మాణమున మనవారు అసమర్థులు కారు. అర్ధవాహకము చక్కని మాట. కన్నడిగుల ‘అరెవాహక’ నోటికి ఇంకను తేలిక, నాకు కొంత అసూయయే. భరతుని అనుకీర్తనము అర్థమునకు దగ్గఱయే గాని నేటి చెవికి భజనను తలపించును. ‘గణితాభినయము’ అని నేనొక మాట కట్టి తరగతిలో పలికించితిని. ఆ బాలిక రెండుమార్లు తడబడినది. అందుచే నల్లబల్లపై సిమ్యులేషను అనియే వ్రాసి, ప్రక్కన ‘నియమమునుబట్టి నడిపి చూచుట’ అని చేర్చుచున్నాను. అనుకరణమును వేణుమాధవ్ గారికే విడిచితిని.