అనంతపురం నేలపై శ్వాస డోలన పరీక్ష: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఊపిరితిత్తుల పనితీరును అంచనా వేయడానికి వైద్యులు ఎక్కువగా ఆధారపడేది స్పైరోమెట్రీ. అది రోగి ప్రయత్నం మీద నిలిచిన పరీక్ష. నిండుగా గాలి పీల్చి, ఉన్న బలమంతా కూడగట్టి ఒక్క ఉదుటున వదలాలి. తాడిపత్రి ప్రాంతపు బండల పాలిష్ పనిలో ఏళ్లు గడిపి, నాలుగడుగులకే గసపెట్టే కార్మికుడికి ఆ ఊదడమే గండం. అతడు సరిగా ఊదలేకపోతే లోపం ఊపిరితిత్తులదా, ప్రయత్నానిదా అనే సందేహం మిగులుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను తప్పక తెలియజేయవలసిన వ్యాధుల్లో చేర్చింది. నష్టపరిహార చట్టం దాన్ని వృత్తివ్యాధిగా గుర్తించింది. అయినా పరిహారం ముడిపడిన చోట పై సందేహం కార్మికుడికే చేటు.

డోలన పద్ధతి ఈ చిక్కు నుంచి కొంతవరకు బయట పడేస్తుంది. 1956లో డూబాయ్, ఆయన సహచరులు ప్రతిపాదించిన ఈ పద్ధతిలో రోగి మామూలుగా ఊపిరి తీసుకుంటూ ఉంటాడు. పరికరం ఆ శ్వాసపై చిన్న పీడన తరంగాలను పంపి, పీడనానికీ గాలి ప్రవాహానికీ ఉన్న సంబంధాన్ని నమోదు చేస్తుంది. గాలిదారుల ఇరుకును నిరోధం, ఊపిరితిత్తుల బిగువును రియాక్టెన్స్ ముఖ్యంగా సూచిస్తాయి. ముక్కుకు క్లిప్పు పెట్టి, బుగ్గలు కదలకుండా చేతులతో అదిమి పట్టాలి. 2020లో యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీ వెలువరించిన ప్రమాణాల ప్రకారం పెద్దల్లో ఒక్కో నమోదు 30 సెకన్లు, కనీసం మూడుసార్లు. ‘సరిగా ఊదలేదు’ అనే ఆక్షేపణకు ఇక్కడ చోటు లేదు. ఈ ఒక్క గుణమే ఈ పరీక్షను సమర్థించడానికి చాలు.

అయితే తొలిదశలోనే చిన్న గాలిదారుల దెబ్బను పసిగడుతుందన్న వాదనను అంత సులువుగా ఒప్పుకోలేము. 5 హెర్ట్జ్ దగ్గరి నిరోధం నుంచి 20 హెర్ట్జ్ దగ్గరి నిరోధాన్ని తీసివేస్తే చిన్న గాలిదారుల లెక్క వస్తుందని తరచుగా చెబుతారు. బుగ్గల కదలిక, కంఠద్వారపు ఇరుకు కూడా ఆ తేడాను మార్చగలవు.

జంతు ప్రయోగాల నుంచి వచ్చే ధీమా మరింత జాగ్రత్తగా చూడవలసింది. ఎలుకకు మత్తిచ్చి, శ్వాసనాళంలో గొట్టం అమర్చి, శ్వాసయంత్రాన్ని క్షణం ఆపి తరంగాలు పంపుతారు. ముక్కు, గొంతు, బుగ్గలు లెక్కలోకే రావు. 1992లో హాంటోస్ బృందం రూపొందించిన గణిత నమూనా గాలిదారులను, ఊపిరితిత్తి కణజాలాన్ని విడదీసి చూపగలగడానికి ఈ నిశ్చలత తోడ్పడుతుంది. మెలకువగా కూర్చుని, మింగుతూ, దగ్గుతూ ఉండే మనిషిలో అంత స్పష్టత ఆశించలేము. పైగా ప్రయోగశాలలో సిలికా ధూళిని తరచుగా ఒకే మోతాదుగా నేరుగా శ్వాసనాళంలో పోస్తారు. పాలిష్ కార్మికుడు దాన్ని ఇరవై ఏళ్లు కొంచెం కొంచెంగా పీలుస్తాడు. ఇంటికొస్తే పొయ్యి పొగ, పొలం వెళితే శనక్కాయ కట్టె దుమ్ము. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి ఒడ్డున గాలికి లేచే ఇసుక ఉండనే ఉంది. ఏ దుమ్ము ఎంత చెరిచిందో డోలన పరీక్ష చెప్పలేదు. గొర్రెను మనిషి ఉబ్బసానికి నమూనాగా ప్రయోగశాలలు వాడుకున్నాయి. మందలో దగ్గే గొర్రె దాకా ఈ పరికరం వచ్చిన దాఖలా మాత్రం అరుదు.

అసలు చిక్కు పోలికలో ఉంది. కొలిచిన విలువ ఎక్కువా తక్కువా అన్నది సాధారణ విలువల పట్టిక తేలుస్తుంది. 2013లో ఊస్ట్‌వీన్ బృందం ప్రకటించిన పట్టిక యూరోపియన్ పెద్దలది. ఇటువంటి పట్టికలన్నింటికీ ఎత్తు కీలకం: ఎత్తు తగ్గితే ఉండవలసిన నిరోధం పెరుగుతుంది. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే జిల్లాలో, కరువేళ్లలో పెరిగిన బిడ్డకు తిండి చాలక ఎత్తూ ఊపిరితిత్తులూ కలిసి కుంచించుకుపోయి ఉండవచ్చు. అప్పుడు ఎత్తును బట్టి వేసిన లెక్క అతడి అధిక నిరోధాన్ని ‘మామూలే’ అంటుంది. ఆకలి చేసిన నష్టం సమీకరణంలోనే మాయమవుతుంది. స్థానికులను కొలిచి కొత్త పట్టిక తయారుచేసినా ఈ దోషం పూర్తిగా పోదు. ఎంచుకున్నవారిలోనే కరువు ఉంటుంది.

సిలికోసిస్‌లో ఊపిరితిత్తులు బిగుసుకుపోయినప్పుడు నిరోధం మామూలుగానే ఉండి, రియాక్టెన్స్ మాత్రమే దిగజారవచ్చు. గాలిదారులు ఇరుకైనా రియాక్టెన్స్ దిగజారుతుంది. ఈ రెంటినీ విడదీయాలంటే ఎక్స్-రే, ఊపిరితిత్తుల ఘనపరిమాణ పరీక్ష తప్పవు. కాబట్టి డోలన పరీక్షను పరిహారానికి ఏకైక సాక్ష్యంగా నిలపడం కార్మికుడికే ప్రమాదం: నిరోధం మామూలుగా ఉందన్న కాగితం అతడి దరఖాస్తును కొట్టివేయడానికి పనికొస్తుంది. దీనికంటే నమ్మదగిన పోలిక ఆ మనిషి పాత కొలతే. పనిలో చేరిన రోజు ఒకసారి, ఆపై ఏటా ఒకసారి, అదే రకం పరికరంతో కొలిచి, ఆ కాగితాన్ని యజమాని బీరువాలో కాక కార్మికుడి చేతికే ఇవ్వాలి. మిల్లు మారినా అది అతడి వెంట వెళుతుంది.