మూలికావైద్య పరిభాష – మన చేతిపుస్తకములు

మూలికావైద్యమును గూర్చి తెలుగున వెలువడు చిన్న పుస్తకములకు లెక్కలేదు. మదరాసు, సేలము, కోయంబత్తూరు మొదలగు చోట్ల తరతరములుగా స్థిరపడిన మన యిండ్లలో తెలుగక్షరమున్న పుస్తకము వేరొకటి లేకున్నను, పంచాంగముతోపాటు ఇట్టిదొకటి యుండుట కద్దు. చుట్టము తెచ్చియిచ్చినదో, తిరుపతి యాత్రలో కొన్నదో యగును. అందలి మందులు మంచివా, కావా యని తేల్చుట వైద్యుల పని. నేను వైద్యుడను గాను. కచేరీలో కాగితములు చూచి పింఛను పుచ్చుకొన్నవాడను. నేను విచారింపబూనినది అందలి మాటలను మాత్రమే. ఏలయన, పేరు మారినచో మందే మారును.

మొదట కషాయమను మాట. మూలికను వాడు తీరులను శార్ఙ్గధరుడు ఐదుగా చెప్పినాడు. పచ్చిమూలికను దంచి పిండినది స్వరసము. నూరిన ముద్ద కల్కము. నీట కాచి దింపినది క్వాథము. రాత్రి చల్లనీట నానవేసి ఉదయమున వడియగట్టినది హిమము. వేడినీటిలో చూర్ణము వేసి వడియగట్టినది ఫాంటము. ఈ యైదింటికిని కషాయమనియే సామాన్యనామము. క్వాథమునకు ఒక పాలు మూలికకు 16 పాళ్ళు నీరుపోసి, ఎనిమిదవ వంతు మిగులునట్లు కాచవలెను. హిమమునకు 6 పాళ్ళు, ఫాంటమునకు 4 పాళ్ళు నీరు చాలును; వీనిని కాచుట లేదు. మన పుస్తకములో "కషాయము చేసి త్రాగవలెను" అని ఒక్క ముక్క యుండును. దానిని నమ్మి గృహిణి, నానవేయవలసిన ధనియాలను అరగంట కాచును. వాని సువాసనతైలము ఆవిరితో పోవును. కొలతల సంగతియు నిట్టిదే. శాస్త్రములోని పలమును నేటి ఆయుర్వేద ప్రమాణగ్రంథము 48 గ్రాములుగా లెక్కించును. అంగడిలో మన పెద్దలెరిగిన పలము మూడు తులములు, అనగా సుమారు 35 గ్రాములు. ఏ పలమో చెప్పిన పుస్తకము నా కంటబడలేదు.

ఇంకొక చిక్కు. షడ్రసములలో వగరునకును కషాయమనియే పేరు. "కషాయరసము గలది" అని వ్రాసినచో, వగరుగా నుండునని గ్రహింపవలెనా, కాచి తీసిన రసమని గ్రహింపవలెనా?

రసమను మాట అంతకంటె గడుసుది. రుచి రసము, పిండిన ఆకుపసరు రసము, భుక్తాన్నమునుండి పుట్టు మొదటి ధాతువు రసము, పాదరసమును రసము. తమిళదేశమున మన చారునకుగూడ అదే పేరైనందున మన పిల్లలకు మొదట తోచునది అదియే! నవ్వుకొని వదలవలసిన విషయము కాదిది. పేరు చివర 'రసము' అని యున్న మాత్రలు పెక్కింట పాదరసము చేరియుండును. అవి రసౌషధములు, వానిని వైద్యుడు కొలిచి యియ్యవలెను. ఆకురసమేకదా, హానియేమున్నదని కొనువారికి ఈ భేదమును చెప్పని పుస్తకము, ఎన్ని చిట్కాలు చెప్పినను, లోపభూయిష్ఠమే. ముష్టిగింజలు, నాభి, గురివిందగింజలు మూలికలే. అయినను శోధనము చేయక వానిని లోనికి పుచ్చుకొనరాదని శాస్త్రమే నిషేధించినది.

వీర్యవిపాకములను గూర్చి మన ముసలమ్మలు ఈ గ్రంథకర్తలకంటె తేటగా చెప్పగలరు. వీర్యమనగా 'బలము' అని వ్రాసి పుస్తకములు దాటిపోవును. 'వేడిచేయును', 'చలువచేయును' అను ఇంటిమాటలే శాస్త్రములోని ఉష్ణశీతవీర్యములు. ఉసిరిక పులుపైనను చలువ. నాలుకకు తోచినదానినిబట్టి వీర్యమును ఊహింపరాదు. శొంఠి నాలుకకు కారము, జీర్ణమైన పిదప దాని విపాకము మధురము. ఇంత చక్కని తెలుగుమాటలుండగా తెలియని సంస్కృతమును తెలియని తెలుగుతో పూరించుట యెందులకు?

అనుపానము, పథ్యము అను మాటలను ఈ పుస్తకములు చాలవరకు సరిగనే వాడినవి. అసలు చిక్కు మూలికల పేర్లయందున్నది. కొన్ని పేర్లు మనకు మేలే చేయును. మన నేల ఉసిరి తమిళమున కీళానెల్లి, కన్నడమున నెలనెల్లి, మరాఠీలో భుయీ ఆవళా, సంస్కృతమున భూమ్యామలకి. భాష ఏదైనను అర్థమొక్కటియే గనుక అంగడిలో మోసపోము. కాని బ్రాహ్మి యన్నచో? కన్నడసీమలో పలువురు బ్రాహ్మి యనునది ఒందెలగ. అది మన సరస్వతి ఆకు, తమిళుల వల్లారై. నీర్‌బ్రాహ్మి వేరు మొక్క. లాటిన్‌లో మొదటిది సెంటెల్లా ఏషియాటికా, రెండవది బకోపా మొన్నియేరి. ఆకు చూచినవా డెవ్వడును రెంటిని ఒకటి యనడు. పేరు మాత్రమే చదివినవాడు అనును. ఒక పేరు రెండు సర్వే నంబర్లకు పడినచో ఎన్నేండ్ల వ్యాజ్యము నడచునో మా కచేరీవారి నడుగుడు.

తిప్పతీగె విషయమున ఈ వ్యాజ్యము నిజముగనే నడచినది. తమిళుల సీందిల్, కన్నడిగుల అమృతబళ్ళి, మరాఠీవారి గుళవేల్ ఇదియే. ముంబయిలో దీనిని సేవించిన కొందరి కాలేయము చెడినట్లు 2021లో వైద్యులు ప్రకటించిరి. సేవించిన మూలిక ఏదో వారు నిర్ధారింపలేదని ఆయుష్ మంత్రిత్వశాఖ ఆక్షేపించి, దానిని పోలిన టైనోస్పోరా క్రిస్పా అను తీగను ప్రస్తావించెను. ఎవరి పక్షము గెలిచినను, "తిప్పతీగె" అని మాత్రము వ్రాసి, ఆకు గుర్తుగాని, తీగ గుర్తుగాని చెప్పని పుస్తకము మన కేమి సాయపడును?

తమిళనాట 2012 నాటి డెంగీజ్వరముల తరువాత ప్రసిద్ధికెక్కిన నిలవేంబు కుడినీరును మనవారిలో కొందరు 'నేలవేము కషాయము' అని పిలిచి, నేలవేము నొక్కదానినే కాచుకొనుచున్నారు. కుడినీరన్నది తొమ్మిది ద్రవ్యముల యోగము. అందు వట్టివేరు, చందనము, శొంఠి, మిరియములు, తుంగముస్తెలు మొదలగునవియు కలవు. అనువాదమున యోగము పోయి మొక్క మిగిలినది.

1859లోనే వాల్టర్ ఎలియట్ దొర ఉత్తర సర్కారులలోని మొక్కల తెలుగు పేర్లకు లాటిన్ పేర్లు జతపరచి 'ఫ్లోరా ఆంధ్రికా' ప్రకటించెను. పరాయివాడు చేసిన ఆ పని నేటి చేతిపుస్తకములలో పెక్కింటికి పట్టలేదు. ఇకమీదట పుస్తకము వేయువారు ప్రతి మూలికకును తెలుగు పేరు, లాటిన్ పేరు, వాడవలసిన భాగము, ఐదింటిలో ఏ కల్పనయో, గ్రాములలో ఎంతయో ముద్రింపవలెను. మనవంటివారి కొరకు తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ పేర్లను ఆయా లిపులలోనే వేయుట మంచిది. నాట్టుమరుందు కడలో చీటీ చూపుటకు మన మనుమలకు ఆ లిపియే వచ్చును.