విస్తళ్ళకు మించిన పిలుపులు: కంప్యూటరు మెమరీ పంపకములో గుణదోషములు

మెమరీ చాలనపుడు కంప్యూటరు డిస్కులో కొంత భాగమును దానికి బదులుగా వాడుకొనునని, దానినే స్వాప్ అందురని తరగతిలో చెప్పుట పరిపాటి. ఇది తప్పు కాదు. కాని అసలు చిక్కును కప్పిపుచ్చును. మెమరీనుండి ఒక అంకెను తెచ్చుటకు సెకనులో సుమారు కోటవ వంతు పట్టును. తిరుగుడు డిస్కునుండి తెచ్చుటకు సుమారు నూరవ వంతు, అనగా లక్ష రెట్లు, పట్టును. ఇంత తేడా ఉండియు ఈ ఏర్పాటు ఎట్లు నిలిచినది?

1962లో ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ప్రారంభమైన అట్లాస్ కంప్యూటరును చూడుడు. దాని ప్రధాన మెమరీలో 16,384 పదములును, అయస్కాంతపు డ్రమ్ములో 98,304 పదములును పట్టెడివి. 512 పదములు ఒక పేజీ. కావలసిన పేజీని లోనికి తెచ్చుట, అక్కరలేనిదానిని వెలుపలికి పంపుట యంత్రమే చూచుకొనెడిది. ఏ ప్రోగ్రామైనను ఒక సమయమున తన పేజీలలో కొన్నింటినే వాడును గనుక ఇది సాగినది. 1968లో పీటర్ డెనింగ్ ఆ కొన్నింటికి ‘వర్కింగ్ సెట్’ అని పేరిడెను. అన్ని ప్రోగ్రాముల వర్కింగ్ సెట్లు కలసి మెమరీని మించినచో, యంత్రము పేజీలను మోయుటతోనే కాలము గడుపును. ఇదియే థ్రాషింగ్.

స్వాప్ తీసివేసినచో ఈ బాధ తప్పునని కొందరందురు. ఇది అపోహ. అపుడు ప్రోగ్రాములు వ్రాసికొన్న పేజీలను, ఎంతకాలము వాడకున్నను, వెలుపల దాచుటకు చోటుండదు. కావున వ్యవస్థ ఫైళ్ళనుండి తెచ్చిన పేజీలనే, ప్రోగ్రాము ఆదేశములున్న వానిని సైతము, పారవేసి మరల మరల చదువును.

ఇక వాగ్దానముల సంగతి. నూరు విస్తళ్ళు పట్టు పెండ్లిపందిరికి మూడువందల మందిని పిలుతురు. అందరును ఒకే పంక్తికి రారు గదా! లైనక్స్ సాధారణముగా ఇట్లే చేయును. అడిగిన మెమరీని మంజూరుచేసి, అందులో వ్రాసినపుడే నిజముగా చోటిచ్చును. ఇందు పొదుపు కలదు: పెద్ద ప్రోగ్రాము తనకు నకలును పుట్టించినపుడు పేజీలన్నిటికి ముందే చోటు చూపనక్కరలేదు. కాని అందరును ఒకేసారి వచ్చిరా, ఒకరిని విస్తరి ముందునుండి లేపవలెను! మెమరీ నిండినపుడు లైనక్స్ ఒక ప్రోగ్రామును ఎన్నుకొని చంపును. సాధారణముగా ఎక్కువ మెమరీ పట్టినదే బలియగును; చివరగా అడిగినది అదే కానక్కరలేదు.

విండోస్ మెమరీ, డిస్కులోని పేజీ ఫైలు కలిసిన మొత్తమునకు మించి మాట ఇయ్యదు. మించిన కోరికను అప్పుడే కాదనును. ఇది నిజాయితీ. ఐతే ఎన్నడును వాడని చోటునకు కూడ హామీ చూపవలెను. మెమరీ ఖాళీగా ఉండగనే కోరిక తిరస్కరింపబడవచ్చును.

నా అభిప్రాయమున లైనక్స్ పొదుపు మెచ్చదగినదే. కొరతను ఆలస్యముగా, అన్యునిపై మోపుట దాని లోపము. కఠినముగా లెక్కకట్టు పద్ధతియు అందు కలదు. గంటలకొలది చేసిన పని పోరాని చోట దానిని ఎన్నుకొనుట మేలు. ముందే కాదన్నచో పనిని భద్రపరచుకొను అవకాశమైన ఉండును. ఉపాధ్యాయులు ‘స్వాప్ ఎంత?’ అని అడిగి ఊరకుండక, ‘కొరత వచ్చిననాడు నష్టమెవరిది?’ అనియు విద్యార్థులను అడుగవలెను.