కడుపు చిన్నదయింది, మరి ఆకలో?

లావుపాటి ఆడమనిషి మన కథల్లోకో, సినిమాల్లోకో వచ్చిందంటే నవ్వించడానికే వస్తుంది. ఆవిడ కూర్చున్న కుర్చీ విరుగుతుంది, ఆవిడని చూసి రిక్షావాడు పారిపోతాడు, పక్కన మొగుడు అగ్గిపుల్లలా వుంటాడు. ఆవిడకీ ఒక మనసుంటుందనీ, ఆ నవ్వులు ఆవిడకి వినిపిస్తూనే వుంటాయనీ రాసేవాళ్ళకి చాలాకాలం తట్టనేలేదు.

2015లో ప్రకాష్ కోవెలమూడి తీసిన 'సైజ్ జీరో'లో ఈ పద్ధతి కొంత మారింది. అనుష్క ఆ వేషం కోసం నిజంగానే ఒళ్ళు చేసింది. కూతురికి పెళ్ళి కావడం లేదని కుమిలిపోయే తల్లిగా ఊర్వశిని చూస్తే, ఈవిడెవరో మన పక్కింట్లోనే వున్నట్టుందే అనిపిస్తుంది. నాలుగు వారాల్లో నాజూకు చేస్తామనే దుకాణాల బండారం బయట పెట్టేవరకూ కథ బాగానే నడిచింది. తీరా ప్రేమించేవాడు దొరకగానే సమస్య తీరిపోయినట్టు శుభం కార్డు వేసేశారు. ప్రేమించేవాడు దొరికితే మోకాళ్ళ నొప్పులు పోతాయా? షుగరు దిగుతుందా? ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ శుభం కార్డు దగ్గర ఆగిపోకుండా ముందుకు నడిచిన రచయిత్రి ఒకామె అమెరికాలో వుంది. పేరు రాక్సేన్ గే. తల్లిదండ్రులు హైతీ దేశం నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడినవాళ్ళు. పిల్లల చదువే లోకమనుకునే గౌరవమైన కుటుంబం. 2017లో ఆమె రాసిన 'హంగర్', అంటే ఆకలి, తన శరీరం గురించి తనే చెప్పుకున్న కథ.

పన్నెండో ఏట ఆ పిల్ల మీద, తను నమ్మిన కుర్రాడూ అతని స్నేహితులూ కలిసి అత్యాచారం చేశారు. ఇంటికి వచ్చి నోరు విప్పలేదు. మంచిపిల్ల అన్న పేరు పోతుందనే భయం. ఆ మాట మింగేసి, దాని మీద తిండి మింగడం మొదలుపెట్టింది. ఒళ్ళు కోటగోడలా పెరిగితే ఏ మగవాడూ తన జోలికి రాడని ఆ పసిబుర్ర వేసిన లెక్క. గోడ పెరిగింది. ఒక దశలో బరువు 577 పౌనులు, అంటే సుమారు 260 కిలోలు. ఊపిరాడని కోటలో చిక్కుకున్నది మాత్రం తనే.

ఈ పుస్తకంలో నన్ను కదిలించినవి పెద్ద సంఘటనలు కావు, చిన్న చిన్న అవమానాలు. చేతులున్న కుర్చీ చూస్తే గుండె దడ. విమానంలో ఒక మనిషికి రెండు టిక్కెట్లు. న్యూయార్కులో ఒక సభకి పిలిచారు, వేదికకి మెట్లు లేవు. జనమంతా చూస్తుండగా ఎక్కడానికి ఆపసోపాలు పడింది. కూర్చోబోతే కుర్చీ చిట్లింది. ఇక సభ అయేంతవరకూ కుర్చీ మీద బరువు ఆనించకుండా, తొడల బలం మీద తనని తను నిలబెట్టుకుని నవ్వుతూ మాట్లాడింది! మన సినిమాల్లో విరిగే కుర్చీ ఇదే. కాకపోతే ఇక్కడ కుర్చీలో వున్న మనిషి వైపు నుంచి చూస్తున్నాం.

లోపాలు లేవని కాదు. అధ్యాయాలు బుల్లిబుల్లివి, చెప్పిందే మళ్ళీ చెబుతుంది. ఒక్కోచోట, అమ్మా, ఇది ఇందాకే విన్నాం అనబుద్ధేస్తుంది. అయినా గాయం పడ్డ మనిషి మాట్లాడే తీరు అలాగే వుంటుంది కాబోలని సరిపెట్టుకోవచ్చు.

ఈ పుస్తకంలోనే ఒక ఘట్టం వుంది. ఇరవైల చివరి వయసులో తండ్రితో కలిసి క్లీవ్‌లాండు ఆసుపత్రికి వెళుతుంది, పొట్ట చిన్నది చేసే ఆపరేషను గురించి తెలుసుకోవడానికి. అంతా విని, తనకి వద్దనుకుని తిరిగి వచ్చేస్తుంది. పుస్తకం చదివినవాళ్ళకి ఆ నిర్ణయం ఆత్మగౌరవంలా కనిపించింది. కాని 2018 జనవరిలో ఆమె అదే పని చేసింది, స్లీవ్ గాస్ట్రెక్టమీ చేయించుకుంది. ఆ ఏప్రిల్లోనే 'వాట్ ఫుల్‌నెస్ ఈజ్' అనే వ్యాసంలో ఆ సంగతి బయటపెట్టింది. నిండుదనమంటే ఏమిటి అని అర్థం చెప్పుకోవచ్చు.

ఈ ఆపరేషనులో కడుపులో నాలుగింట మూడొంతులకి పైగా తీసేసి, అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టం మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అంచేత జాగా తగ్గుతుంది, ఆకలీ తగ్గుతుంది. బరువు మొదటి ఏడాది, ఏడాదిన్నరలో బాగా దిగుతుంది. బాగానే వుంది. మరి ఆకలి కానిదాని కోసం తింటున్న మనిషి మాటేమిటి?

ఆ వ్యాసానికి ప్రాణం ఇక్కడే వుంది. దిగులొస్తే తిండి, భయమొస్తే తిండి, ఒంటరితనానికీ తిండే. ఆ ఒక్క తోడునీ కత్తితో కోసేశారు. ఇన్నాళ్ళూ దాని చాటున దాక్కున్నవన్నీ ఎదురుగా వచ్చి కూర్చున్నాయి. పైగా, ఒళ్ళెలా వున్నా సిగ్గుపడనక్కర్లేదని చెప్పిన తనే ఇలా చేస్తే, నమ్మినవాళ్ళని మోసం చేసినట్టు కాదా అన్న బెంగ. మోసమని నేననుకోను. లావుగా వున్నవాళ్ళని లోకం అవమానించకూడదు, నిజమే. అంతమాత్రాన ఆ మనిషి తన మోకాళ్ళకీ గుండెకీ విశ్రాంతి కోరుకోకూడదా? గౌరవం వేరు, వైద్యం వేరు. ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలనడం మరో రకం జులుం.

నా ఫిర్యాదు వేరే వుంది. ఆపరేషనయిన మూడు నెలలకే కలం పట్టింది. అసలు కాపురం తరవాత కదా మొదలయ్యేది! మొదట కొన్ని వారాలు ద్రవాలు, ఆపైన మెత్తటి పదార్థాలు, తరవాతే గట్టి తిండి. అదీ నాలుగు ముద్దలు, నమిలి నమిలి. అన్నంతోపాటు నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. పప్పు, గుడ్డు లాంటివి ముందు తిని, అన్నం చివరికి వుంచుకోవాలి. బి-12, ఐరన్, కాల్షియం లాంటి మాత్రలూ, రక్తపరీక్షలూ జీవితాంతం తప్పవు. మూడు నాలుగు నెలలకి జుట్టు వూడి భయపెడుతుంది, చాలామందికి మళ్ళీ వస్తుంది. చర్మం వేలాడుతుంది. సంవత్సరం, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. రెండేళ్ళు గడిచాక కొంత బరువు తిరిగి రావడమూ మామూలే. దీన్ని ఓటమి అనుకుని కుంగిపోయేవాళ్ళకి తోడుగా వుండే పుస్తకం ఆమె రాయగలదు. ఆ పుస్తకం కోసమే ఎదురుచూడాలి.

హైదరాబాదు, విజయవాడ, విశాఖల్లోనూ ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి. అందుకని ఈ రచనలు మనకి దూరమైనవి కావు. అమెరికాలో ఆమెకి అడ్డొచ్చింది కుర్చీ. మనకి అడ్డొచ్చేది విస్తరి. ప్రేమని వడ్డించి చూపించే జాతి మనది. పెళ్ళికెళ్ళి నాలుగు ముద్దలు తిని లేచిన కోడల్ని అత్తగారూ, పిన్నత్తగారూ, వడ్డించే ఆయనా కూడా బతకనిస్తారా? "ఇంకో బూరె వేసుకోమ్మా, ఒక్కదానికేమవుతుంది?" అన్నది మనం ఆప్యాయంగా అనే మాటే. ఆ అమ్మాయికి మాత్రం ఆ ఒక్కదానితోనే వాంతి కావచ్చు. ఇక పిల్లలు కంచంలో వదిలేసింది పారెయ్యలేక తమ కడుపులో వేసుకునే తల్లులున్నారు. వాళ్ళ లావుకి కారణం తిండియావ అనగలమా?

'హంగర్' అడిగే ప్రశ్న ఒక్కటే: ఎంత తింటున్నావని కాదు, ఎందుకు తింటున్నావని. మొదటి ప్రశ్న డాక్టర్లూ, చుట్టాలూ, దారినపోయేవాళ్ళూ అందరూ అడుగుతారు. రెండోది అడిగేవాళ్ళు తక్కువ. ఇంగ్లీషు చదవగలిగినవాళ్ళు ముందు పుస్తకం, వెంటనే ఆ వ్యాసం చదవండి. రెండూ కలిపితేనే ఒక మనిషి కనిపిస్తుంది. చదివాక, సన్నబడి వచ్చిన అమ్మాయిని "అబ్బ, ఎంత నాజూగ్గా అయిపోయావే!" అనకుండా, "ఎలా వున్నావమ్మా?" అని అడగాలనిపిస్తే చాలు, రాక్సేన్ గే పడ్డ శ్రమ వృథా కానట్టే.